గరుకు వైపు

నున్నటి వైపు నిలవలేదు రంగు.
పాలిష్ మిషన్ కింద పోయొచ్చిన కడప బండ అది,
ముఖం గీస్తే
జారి జారి
గడ్డం దగ్గర పోగైంది.

శెనక్కాయల గోతానికి గంజి పట్టించి చూసినా.
గోతాం అంతా తాగేసింది.
కళ్ళు పెట్టిన చోట రెండు మరకలు,
కిరసనాయిలు ఒలికినట్టు.
మా ఇంట్లో దాన్ని వాకిట్లో పరిచినారు, కాళ్ళు తుడుచుకోను.

అప్పుడు బండను తిప్పినా.
గనిలోంచి ఊడొచ్చిన వైపు, ఎవరింట్లోనైనా
మట్టిలోకి పోయే వైపు,
గడ్డపార గాట్లు అట్లే ఉన్నాయి.

దస్తగిరమ్మ వచ్చి రాళ్ళ కుప్ప మీద కూర్చుంది,
సద్ది తిని కడిగిన చేయి ఇంకా ఆరలేదు.
"ఇరవై నిమిషాలే అబ్బీ. సైరన్ కొడితే పోవాల."
ఎర్రగుంట్లలో ఇరవై నిమిషాలంటే ఒక టీ, ఒక బీడీ.
ముఖమెట్లా అయితాది?
నలభై ఏండ్లు తీసుకుంది ఆ ముఖం.

పెన్సిలు పట్టలేదు. అడుగు రంగు వేయలేదు.
టర్పెంటైనులో పలచన చేసిన కావి,
సగం ఆరిన బిరుసు కుంచె.
ఈడ్చినా బండ మీద,
రాసినట్టు కాదు, గోకినట్టు.
మిట్టలకు అంటింది, పల్లాలకు అంటలేదు.
అంటని చోట రాయి తన నలుపే ఇచ్చింది
కంటి కింది గుంతకు.
ముడతలు నేను వేయలేదు సామీ, ఒట్టు,
అవి ముందే ఉన్నాయక్కడ.

ముక్కు మీద ఒక్క తెలుపు.

ఇరవై రెండేండ్లు అంగళ్ళ బోర్డులు రాసిన చేయి ఇది.
అక్షరం అంచు వంకరపోతే డబ్బులియ్యరు.
ఖాళీ కనబడితే పూడ్చేసే చేయి.
దవడ గీతను సగంలో వదిలేయమంటే
వణికింది.
ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకొని
వదిలేసినా.

కోత మిషన్ల నుంచి దుమ్ము వచ్చి తడి రంగు మీద వాలింది.
ఊదబోయి ఆమె వైపు చూసినా.
రెప్పల మీదా అదే దుమ్ము.
ఊదలేదు.

సైరన్.

లేచి వచ్చింది.
"రెండో చెవి యాడబ్బా?"
టైం చాల్లేదన్నా.
"పోన్లే. ఆ పక్క కమ్మ పోయి రెండేండ్లాయ."

బాగుందనలేదు. బాగలేదనలేదు.
వంగి, వేలి కణుపుతో బండను కొట్టింది,
నుదుటి దగ్గర ఒకసారి, మెడ దగ్గర ఒకసారి,
చెవి ఆనించి వింది.
"మోగల్యా."
వేలు ఎంగిలి చేసి
రంగు లేని చోట, పైనుంచి కిందికి రాసింది.
తడి ఆరతాంటే సన్న దారమొకటి మిగిలింది,
సరిగ్గా నేను పాపిట వదిలిన చోట.

"పగులుంది. ఎవురు అంటగట్న్యారు నీకు?
నేనైతే మొన్ననే పక్కన పారేసిందును.
నిలువునా ఎత్తు. అడ్డం పట్టుకుంటే రెండైపోతాది."

పోయింది, తలగుడ్డ చుట్టుకుంటా.

నిలువునా ఎత్తి షెడ్డు గోడకు ఆనించినా.
పది రోజులైనా నూనె వాసన పోలేదు.
మేస్త్రి చెన్నరాయుడు వచ్చినప్పుడల్లా
పూర్తి ఎప్పుడైతాదన్నా అని అడుగుతాడు.
అయిపోయిందని చెప్తా.

ఆ చెవికి చోటు మాత్రం అట్లే ఉంది.
ఒక్కోనాడు కుంచె
అక్కడిదాకా పోయి వస్తాంది.