ఏడో చుక్క

బెంగుళూరు నుంచి రావాల్సిన నూనె రాలేదు.
ఇండెంటు పోయి నాలుగు నెలలు.
విసిగి విసిగి అటెండరు కుళ్ళాయప్ప
పాతూరు గానుగలో చెనిక్కాయల నూనె పట్టించి
టానిక్కు సీసాలో తెచ్చి బల్ల మీద పెట్టినాడు.
"నూనె నూనే గదమ్మా,
మీ ఎలక్ట్రానుకు వాసన తెలుస్తాదా యేం?"

వన్నూరు సారు మూత తీసి చూసి, నవ్వలేదు.
"అయితే సాంద్రత మళ్ళీ కొలవండి."

ఆ పూటంతా నేనూ షమీమూ
బుడ్డీ కడిగి, ఆరబెట్టి, తూచి,
నింపి, తుడిచి, మళ్ళీ తూచి
లీటరుకు తొమ్మిదివందల పన్నెండు గ్రాములని తేల్చినాం.
హాస్టల్లో అన్నం తింటుంటే
చేతుల నిండా మా చేనే.

మర్నాడు కిటికీలకు నల్లగుడ్డ.
స్ప్రే ఒక్కసారి నొక్కితే
రెండు ఇత్తడి పలకల సందున
పట్టపగలే చుక్కలు పొడిచినాయి.
మైక్రోస్కోపులో అంతా తలకిందులు:
పడేది లేస్తున్నట్టుంటుంది,
లేచేది పడుతున్నట్టుంటుంది.
ఆ లెక్కన మా బెళుగుప్ప బోర్లలో నీళ్ళు
ఏటేటా పైకొస్తున్నట్టే.

నాబు తిప్పుతా పోయినాను.
నూటెనభై. రెండువందల అరవై.
మూడువందల పది వోల్టుల కాడ
ఒకటి ఆగింది.
భూమి కిందికి గుంజుతోంది, పలక పైకి గుంజుతోంది,
మధ్యలో అది
ఎవరికీ మాటివ్వకుండా.
స్టాప్‌వాచీ పట్టుకున్న షమీం
అత్తరు వాసనతో నా భుజం మీదికి వంగి
"కదలొద్దే" అంది.
నాకా, చుక్కకా, నేను అడగలేదు.

అప్పుడే కరెంటు పోయింది.
పడిందో లేదో చూద్దామన్నా వెలుతురు లేదు.

మూడు రోజులకు ఏడు చుక్కలు.
ఒకదాని మీద ఒక పాలు విద్యుత్తు,
ఒకదాని మీద మూడు, ఇంకోదాని మీద రెండు,
కొంచెం అటూ ఇటూ.
అర లేదు, పావు లేదు.
ఎంత చిన్న చుక్కయినా నిండు పాళ్ళే మోస్తుంది,
దాన్ని ముక్క చేసే కత్తి లేదు అన్నాడు సారు
బోర్డు తుడుస్తా, మామూలుగా.

నాకు మార్కెట్ యార్డు గుర్తొచ్చింది.
తేమకని ఒక కేజీ, మట్టికని ఒక కేజీ,
గోనెకని ఒకటి,
ఇక ఎందుకో చెప్పని అర కేజీ.
బస్తా బస్తాకూ.
నాయన ఆ అర దగ్గర మాత్రం
కాటా వైపు చూడడు. చెప్పుల వైపు చూస్తాడు.

కానీ ఏడో చుక్క
ఒకటిన్నర దగ్గర నిలబడింది.
మూడుసార్లు లెక్కేసినా ఒకటిన్నరే.

"కొట్టేయ్" అంది షమీం.
"రెండని రాసుకోండమ్మా,
పాత రికార్డులన్నీ బీరువాలోనే ఉండాయి,
పదేండ్లుగా అందరికీ ఒకే జవాబు" అన్నాడు కుళ్ళాయప్ప,
తాళంచెవి చూపించి.

సారు కళ్ళద్దాలు నుదుటికెత్తి
అంకె మీద గోరుతో మెల్లగా కొట్టినాడు.
"దుమ్మేమో. నీ బొటనవేలు ఆలస్యమేమో.
సగం దావలో దాని చార్జి మారిందేమో.
కొట్టేయొద్దు.
పక్కన 'ఎందుకో తెలియదు' అని రాయి."

రాసినాను.
యార్డులో ఏ చీటీ మీదా
ఎవరూ రాయని మాట అది.

ఆదివారం ఊర్లో చెప్తే
నాయన గొర్రు నాగళ్ళు బిగిస్తా విన్నాడు.
"అరా పావు లేవా?"
"లేవు."
"ఒక్కటి దొరికిందంటివే?"
"అదెందుకో తెలీదని రాయించినాడు సారు."
చాలాసేపు ఏం మాట్లాడలేదు.
"మంచోడే అయ్యుంటాడు" అన్నాడు, బోల్టు తిప్పుతా.

రికార్డులో ఆ పేజీకి నూనె మరక.
వెనక పేజీ గ్రాఫు కూడా అందులోంచి కనిపిస్తుంది.
సారు సంతకం పెట్టబోతే
మరక మీద ఎర్రసిరా పట్టలేదు.
రెండుసార్లు గీకి చూసి,
కొంచెం పక్కకు జరిగి పెట్టినాడు.