జాకీ మచ్చ

ఎనిమిది నెలల్ల ఇది రెండో జత.
మొదటిసారి టైర్ల దుకాణపాయన గాలి తక్కువైందన్నడు,
రెండోసారి ఎండ అన్నడు.
పరకాల ఎండ నాలుగు టైర్ల మీద ఒక్కతీరే కాస్తది గదా,
వెనక ఎడమది, అండ్ల లోపలి అంచే
తీగెలు తేలేదాక ఎందుకు అరిగినట్టు?
అడిగితే బిల్లు చేతిల పెట్టిండు.

ఇంకోకాడ అలైన్‌మెంటు చేయించిన.
ముందు చక్రాలు రెండూ చూసి
"బరాబర్ ఉన్నయ్" అన్నరు.
అందరి కండ్లూ స్టీరింగు ఉన్న దిక్కే.
వెనకవాటికి సొంత దారేముంటది,
ముందటివి ఎటు పోతే అటే వస్తయనుకున్న, నేను కూడ.

ములుగు రోడ్డు మీద యాకూబ్ పాషా
ముందుగాల్ల మిషను ముట్టలె.
గోనెపట్ట పరిచి పండుకొని
టైరు మీద అరచెయ్యి పెట్టిండు.
లోపలినుంచి బయటికి నిమిరితే మెత్తగ పోయింది,
బయటినుంచి లోపలికి తెస్తే
గరగర పట్టింది, పిల్లి నాలుక లెక్క.
"నీ చెయ్యి కూడ పెట్టు అక్కా."
పెట్టిన. రోజూ కడిగే టైరే,
ఎన్నడూ ఇట్ల ముట్టలె.

"తిన్నగ పోతుంటే స్టీరింగు నడుమ ఉంటదా?"
రవ్వంత ఎడమకు పట్టాలె, అన్న.
"ఎప్పటినుంచి?"
ఏమో. చేతులకు అలవాటైంది.
"అలవాటైంది" అని ఆయన మళ్ల అన్నడు, తనలో తనే.
మొగిలిని పిలిచి బండి లేపుమన్నడు.

మిషను మీద వెనక అంకె ఎర్రగ వచ్చింది.
చక్రం మడిమె లోపలికి, మునివేళ్లు బయటికి.
కిలోమీటరు పోతే పది మీటర్లు
పక్కకు ఈడ్సుకుంటనే ఉన్నదట రబ్బరు.
"ఎక్కడన్న గుద్దినవా?"
లేదు.
"గుంతల పడ్డదా?"
పడనిదెక్కడ, భూపాలపల్లి రోడ్డు నువ్వెరుగవా.
లైటు పట్టుకొని కిందికి దూరిండు.
చానసేపు సప్పుడు లేదు.
"ఇటు రా. దీన్ని చూడు."

చక్రాన్ని పట్టే సన్నపు కడ్డీ, దాని నడుమ
గుండ్రటి నొక్కు ఒకటి.
వంగిన కడ్డీ పొట్టిదైతది,
పొట్టిదై చక్రాన్ని తనదిక్కు గుంజుకుంటది.
"రాయి తగిలితే గీతలు పడ్తయ్.
ఇది జాకీ తల. ఎవరో దీని కింద జాకీ పెట్టిండ్రు."

ఎవరో కాదు.
చలిరాత్రి, రేగొండ అవతల,
పెండ్లికి పోయే వంటోళ్లు నలుగురు బండిల, పైన గంజులు,
లోపల అల్లం వాసన.
వెనక చక్రం కాల్వల దిగింది.
లచ్చువమ్మ సెల్లు లైటు పట్టింది,
నేను బురదల పండుకొని
చేతికి ఇనుము గట్టిగ తగిలినకాడ జాకీ పెట్టిన.
బండి లేచింది. చప్పట్లు కొట్టినం.
బగారన్నం యాళ్లకే అందింది.

పడ్డకాడ ఏం కాలె.
లేపినకాడ వంగింది.

పాషా నవ్వలె, తిట్టలె.
కాజీపేట నుంచి కొత్త కడ్డీ తెప్పించిండు.
పాత బోల్టు తుప్పుతోటి బుష్షును కరుచుకున్నది,
నూనె పోసినా రాలె, కాల్చినా రాలె.
మొగిలి రెండు గంటలు కోసిండు,
రెండు బ్లేడ్లు విరిగినయ్, చాయ్ మూడుసార్లు వచ్చింది.
అంకె పచ్చబడేటాళ్లకు కరెంటు పోయింది,
మళ్ల మొదటినుంచి.

"అరిగింది రాదు అక్కా, కొత్త జత ఎయ్.
వెయ్యి కిలోమీటర్లు తిరిగినంక
వచ్చి చెయ్యి పెట్టి చూసుకో."
జాకీ పెట్టాల్సిన నాలుగు జాగలు
బాడీ అంచున చాక్‌పీసుతోటి గీసిచ్చిండు.
వానకు పోతయని
అక్కడనే వాటి మీద గోళ్లరంగు పూసిన.

ఆత్మకూరు దాటినంక తెలిసింది,
ఇన్నిరోజులు వింటున్న గూఁ అనే రొద
రోడ్డుది కాదు.
స్టీరింగు నడుమకు వచ్చింది,
చేతులే ఇంకా ఎడమకు గుంజుతున్నయ్.
సీటు కింద ఎప్పుడు పడ్డదో ఒక నీళ్ల సీస
అటు దొర్లి, ఇటు దొర్లి
ఇయ్యాల వినబడుతున్నది.