పొట్టు కింద మంచు

ఏప్రిల్‌లో పాతిపెడతాం, నవంబర్‌లో తవ్వి తీస్తాం.
శవం కాదు, విత్తనం కాదు.
మంచు.

కోతమిల్లు నుంచి ముప్పై లారీల రంపపు పొట్టు,
మోకాలి మందాన దుప్పటి.
దాని కింద వేసవంతా ముడుచుకుని పడుకుంటుంది
పోయిన చలికాలం.
దానికి కాపలా నా ఉద్యోగం.
పిల్లలు కర్రలతో పొడిచి అడుగుతారు,
"తాతా, లోపల నిజంగా ఉందా?"
చెయ్యి పెట్టి చూడమంటాను.
మోచేతి దాకా దూర్చి, కెవ్వున లాక్కుని
ఎర్రబడిన వేళ్ళు అందరికీ చూపిస్తూ పరిగెడతారు.

ఐదో వంతు కరిగి ఎటో పోతుంది.
మిగిలిన నాలుగు వంతులకూ ఆఫీసులో లెక్కల పుస్తకం ఉంది.
ఎటో పోయినదానికి లేదు.

నన్ను దురి అంటారు.
మా నాన్న ఈ లోయలోనే పార పట్టి మంచు తోసేవాడు,
గుమ్మం తెరుచుకోవాలని, ఆవుల దాకా దారి కావాలని.
ఆయన వద్దు వద్దన్నదాన్ని నేను తయారు చేస్తాను.
ఆయనకు శత్రువు, నాకు జీతం.

రాత్రి సున్నాకి మూడు డిగ్రీలు దిగగానే
జేబులో ఫోన్ కూస్తుంది.
వెళ్ళి పంపు స్విచ్చి నొక్కుతాను.
కొండ మీద ఇరవై రెండు ఫిరంగులు ఒక్కసారే గొంతెత్తుతాయి.
చెరువులో నీళ్ళు దిగిపోతాయి,
దాహంతో ఆడుకుని వచ్చిన పిల్లాడి చేతిలో
గ్లాసు దిగినట్టు.
చెరువు నింపేది వాగు.
వాగు దిగువన మెంగ్యా ఇల్లు.

మొదటి రాత్రే ఆమెకు మెలకువ వచ్చింది.
చప్పుడుకు కాదు, చప్పుడు ఆగినందుకు.
డెబ్భై ఏళ్ళుగా కిటికీ కింద వాగుతూనే ఉన్న వాగు
మాట మధ్యలో ఆగిపోయింది.

తెల్లారకముందే బకెట్‌తో వచ్చి నిలబడింది.
"దురీ, నా నీళ్ళేవి?"
ఏం చెప్పను? కొండ మీద తెల్లగా కనిపిస్తూనే ఉన్నాయి.
పారతో ఇంత తీసి బకెట్‌లో వేశాను.
తిట్టలేదు. తిడితే బాగుండేది.
"దీన్ని కాచడానికి కట్టెలు కూడా నువ్వే ఇస్తావా?"

ఆదివారం పోటీ.
బస్సులు ఇంజను ఆపవు, డ్రైవర్ల కాళ్ళకు చలి.
మైనం గుడారంలో ఇస్త్రీపెట్టెల పొగ.
స్కీల అడుగున ఏం పూస్తున్నారో ఒకరికొకరు చెప్పుకోరు.
మంచు పోయాక అది గడ్డిలోనే ఉండిపోతుందని,
వానపాములు తగ్గాయని మెంగ్యా అంటుంది.
మేనేజరుని అడిగితే "ఆ రకం నిషేధించారు కదా" అన్నాడు.
నేలలోకి దిగిపోయినదానికి
ఆ సంగతి ఎవరు చెబుతారు?

ఇటు ఎండుగడ్డి కొండ, అటు ఎండుగడ్డి కొండ,
మధ్యలో ఆరు మీటర్ల వెడల్పున తెల్లటి దారి.
గాయానికి చుట్టిన కట్టులా ఉందని ఎవరో అన్నారు.
కాదు. కట్టు కింద గాయం మానుతుంది.

ఒకటి మాత్రం దాచను.
ఆ దారి మీద మెంగ్యా మనవరాలు సెరైనా ఉంది.
పదహారేళ్ళ పిల్ల.
మొదటిసారి దాని కాళ్ళకు స్కీలు తొడిగింది నేనే.
చివరి మలుపులో ఒంగి, గాలిని కోసుకుంటూ వస్తుంటే
పొట్టూ పంపూ కరెంటు బిల్లూ
ఏవీ నాకు గుర్తు లేవు.
గొంతు పోయేలా అరిచాను.
పక్కన మెంగ్యా కూడా,
"నా నీళ్ళేవి" అని అడిగిన అదే గొంతుతో.

తొమ్మిదో స్థానం.
ఏడుస్తూ నవ్వుతూ వచ్చి అవ్వ భుజం మీద వాలింది.
మెంగ్యా వంగి, పిల్ల బూట్లకు అంటిన మంచుని
వేళ్ళతో గీకి గీకి
బకెట్‌లోకి రాల్చింది.
కాస్త పొట్టు కూడా పడింది.

సాయంత్రమైంది. కొండ నీడ మా ముగ్గురి మీదా పడింది.
సున్నాకి మూడు.
నా జేబులో ఫోన్ కూసింది.
ఇద్దరూ తలెత్తి
నా చెయ్యి వైపు చూశారు.