ఎక్కితే ఒక అంకె, దిగితే ఒక అంకె

బంగారుపాళ్యం రోడ్డులో, గుజ్జు ఫ్యాక్టరీ గేటు పక్కన,
పదారేండ్లుగా కాటా కాడ కూచోనుండాను.
కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి
ఇన్నేండ్లలో నేను ఎక్కువగా అరిచిన మాట ఒకటే:
"దిగండబ్బా, మనుషులు దిగండి."

ఆ పొద్దు వరస మొగిలి దావ పట్టింది.
తవణంపల్లె దొరస్వామి వంతు వచ్చేసరికి
రెండు రాత్రులు రోడ్డుమీదనే తెల్లారినాయి ఆయనకు.
ట్రాలీ నిండా తోతాపురి.
అడుగు కాయలు అప్పుడే చెమరుస్తా ఉండాయి.
పైన గోనెపట్ట పరుచుకోని నాలుగేండ్ల పిల్ల, మోక్షిత.
వాళ్ళమ్మ కాన్పుకని చిత్తూరు ఆస్పత్రిలో ఉందంట,
ఇంట్లో చూసేవాళ్ళు లేరంట.

"రెండు దినాలుగా ఇదే పని సామీ," అన్నాడు దొరస్వామి,
"కాయల్ని వాలులో దొర్లిస్తాది, వెంట పరిగెత్తుతాది.
ముక్కున్న కాయ నేరుగా పోదంట,
పక్కకు తిరుగుతాదంట.
నాకే చెప్తాది. ముప్పై ఏండ్ల తోట నాది."

"దిగు పాపా," అన్నాను.
దిగింది.
గేటు మీది ఎర్రంకెల్లో ఒకటి మారింది.

ఆ పిల్లకు అంకెలు రావు.
మారిందని మాత్రం తెలిసింది.
చక్రం పట్టుకోని మళ్ళా ఎక్కింది. మారింది.
దిగింది. మారింది.
ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి
మెడ వెనక్కి వాల్చి చూసింది.
బుగ్గలు ఉబ్బించి, ఊపిరి బిగబట్టి చూసింది.
ఎగిరింది. ఎగిరినప్పుడు అంకె కూడా ఎగిరింది.
అప్పుడు నవ్వింది చూడు,
తాళంచెవి లేకుండానే తలుపు తీసినట్ల.

వెనక లారీ హారను మోగిస్తానే ఉండాది.
"ఇంకొక్క తూరి మామా!"
పదారేండ్లలో ఒక్కరినీ ఎక్కమనని నోరు నాది.
"ఎక్కు," అన్నాను.

కాయలు దించి, వట్టి బండి తూకానికి వచ్చేసరికి మాపటేల.
రేటు ఇంకా తేల్లేదు.
ఆ పిల్ల ఎక్కడిదో ఒక కాయ తెచ్చి
కాటా రేకు మీద పెట్టింది. తల ఎత్తింది.
ఏమీ మారలేదు.
కాయను నిలబెట్టింది. పండబెట్టింది. రెండు చేతుల్తో అదిమింది.
"మామా, మామిడికాయకు బరువు లేదా?"

ఇది పెద్ద కాటా పాపా, దీనికి చిన్నవి కనపడవు అని
నేను చెప్పేలోగానే
దొరస్వామి అందుకున్నాడు:
"ఈ ఏడు లేదమ్మా."

నవ్వినవాళ్ళు నవ్వినారు.
ఒకాయన మాత్రం తలకు తువ్వాల చుట్టుకుంటా
అటు తిరిగి నిలబడినాడు.

ఆ పిల్ల ఒప్పుకోలేదు.
ఆ కాయే తెచ్చి, కిటికీలోంచి నా చేతిలో పెట్టి,
నా మొహం చూసింది, అంకె అక్కడ పడతాదేమో అన్నట్ల.
"ఉండాది," అనింది.
కాయ ఎత్తుకోని పరిగెత్తింది.

చీటీ ఇచ్చేసినాను. దొరస్వామి మడిచి జేబులో పెట్టుకున్నాడు.
బండి కదిలింది.
తండ్రి పక్కన కూచున్న పిల్ల
వెనక్కి తిరిగి చూస్తానే పోయింది.

తర్వాత బండిని పిలిచే ముందు
సున్నా చూసుకోవాల నేను.
సున్నా రాలేదు.
పది.

లేచి బయటికి పోయినాను.
కాటా మూలన, ఎవరూ తొక్కని చోట,
రోడ్డుమీద ఏరుకొచ్చిన కాయలు,
నలిగినవి, పగిలినవి, ముక్కు ఊడినవి,
పెద్దవి ఒకపక్క, చిన్నవి ఒకపక్క.
ఎంచినాను. పదమూడు.

ఎన్నో కాయకు మారిందో అంకె!
ఆ పిల్ల చూసిందో లేదో!
మలుపు దాకా పరిగెత్తినాను, ఈ మోకాళ్ళతోనే.
దుమ్ము తప్ప ఏమీ లేదు.

వరసలో ముందున్న డ్రైవరు దిగొచ్చి అరస్తా ఉండాడు:
"ఏంది సామీ, కాటా చెడిపోయిందా?"