బిల్లుబుక్కు వెనక రాసుకున్నయి

మిరప మందులు జిల్లాల ఎక్కువ అమ్మినందుకు
కంపెనీవాళ్లు నన్ను వియత్నాం పంపిన్రు.
ఐదు రోజులు. తిండి, బస్సు, టోపీ వాళ్లయే.
ప్రాణహిత ఒడ్డున, సిరొంచల
మరాఠీ బోర్డు కింద తెలుగు బేరాల కొట్టు నాది.
పాస్‌పోర్టుల ఫోటో చూసి మా ఇంటామె అన్నది:
బాకీ అడగపోయే మొకమే పెట్టినవ్ గదా.

వచ్చి మూడు వారాలయింది.
పత్తి మందుకు వచ్చినోడల్లా అదే అడుగుతడు:
పాములు తిన్నవా సేటూ?
లేదు.
తామరాకుల కట్టిన పచ్చటి అటుకులు తిన్న.
విప్పంగనే మా నాయినమ్మ రోలు వాసన.
ఈ మాట చెప్తే ఎవలూ నమ్ముతలేరు,
పామంటే నమ్మేటోళ్లు.

కాయితం దొరకక బిల్లుబుక్కు వెనక రాసుకున్న.
కార్బన్ తీసుడు మరిచిన.
రాసిన ప్రతి మాటకు కింద ఒక నీలం దయ్యం.

గ్లాసెడు చల్లటి చాయ ఐదు వేలు.
జేబుల లచ్చలు. పొద్దుగూకేసరికి దివాలా.

గ్లాసు మీద చిల్లుల రేకు గిన్నె, దాంట్ల కాఫీ.
ఒక చుక్క.
ఆగాలె.
ఇంకో చుక్క.
అంతసేపు మనతాన సరుకు ఆలస్యమైతే
గల్లా మీద చెప్పులు పడుతయి.

తారు రోడ్డు మీద వడ్లు ఆరబోసిన్రు,
అంకీస కాడ మనోళ్లు పోసినట్టే.
బస్సు డ్రైవరు తిట్టుకుంట పక్కకు తిప్పిండు.
ఆ తిట్టు నాకు మొత్తం సమజైంది.

వరి నడుమల సమాధులు.
నీలం రంగేసిన చిన్న చిన్న ఇండ్లు.
నాటేటోళ్లు తాత చుట్టూ నాటుకుంట పోతరట,
కోసేటోళ్లు తాత చుట్టూ కోసుకుంట వస్తరట.

ఉరుకొద్దు, నిలబడొద్దు, నడువు,
బండ్లే నిన్ను దాటుకుంటయి అన్నడు గైడు.
పావుగంట నిలబడ్డ.
జామకాయల కావడి ముసల్ది
నా మోచెయ్యి పట్టుకొని అవుతలికి దాటిచ్చింది.
పైసలియ్యబోతే కోపం జేసింది.
కాయలు కొంటే నవ్వింది. పండ్లు నల్లగున్నయి.

నాలుగో రోజు
అందరు ఫోటోలకు దిగిన్రు. నేను ఒంటికి దిగిన.
కాలువ గట్టున ఖాళీ సీసా.
ఆ అచ్చరాలు నాకు రావు.
పుర్రె బొమ్మ వచ్చు. మూత రంగు వచ్చు.
మడిల ఒకడు, వీపున పంపు, మూతికి బట్ట లేదు,
గాలి మీదికి మళ్లినప్పుడల్లా
మొకం మాత్రం పక్కకు తిప్పుకుంటుండు.
అచ్చం మన సడ్మెక్ లస్మయ్య తిప్పినట్టే.

నేను రుమాలు తీసి మూతికి అడ్డం పెట్టి
కట్టుకో, కట్టుకో అని సైగ జేసిన.
వాడు ఏమనుకున్నడో,
పంపు ఆపి, టోపీ తీసి, వంగి, నవ్విండు.

ఇరవై రెండేండ్ల దుకాణంల
ఆ సైగ ఇక్కడ ఒక్కనికి జేసిన యాది లేదు.
ఇది బిల్లుబుక్కుల రాసుకోలే.

అక్కడికెల్లి తెచ్చింది ఒకటే,
వాళ్లు ఫుట్‌పాత్ మీద కూసునే ఎర్ర పిలాస్టిక్ పీట.
సంచిల పట్టక చేత పట్టుకొనే వచ్చిన,
నాగపూర్ల పోలీసాయన తిప్పి తిప్పి చూసిండు.
ఇప్పుడు కొట్టు ముందల ఉన్నది.
కూసుంటే మోకాళ్లు చెవులకు తాకుతయి.

నిన్న లస్మయ్య వచ్చిండు. ఖాతా ఎంతయిందని అడిగిండు.
పుట తిప్పిన.
ఆయన బాకీ వెనకాల్నే జామకాయల ముసల్ది.
అంకె చెప్పిన. తల ఊపిండు.
మందు సీసా ఇచ్చిన, ఎప్పటిలెక్కనే.
గల్లా కిందికెల్లి కొత్త తువ్వాల తీసి
దాని మీద పెట్టిన.

ఇదేంది సేటూ, అన్నడు.
నాకు మాట రాలే. సైగ జేద్దునా అంటే
నలుగురున్నరు.

లస్మయ్య తువ్వాల దులిపి
పీట మీది దుమ్ము శుభ్రంగ తుడిచి
కూసున్నడు.
ఇగ చెప్పు, అన్నడు,
పాములు తిన్నవా?