తొట్ల దగ్గర నాలుగు గీతలు

సాయంత్రం ఆరున్నరకు మా బడిలో అమెరికా తెల్లారింది.
కరెంటు ఉంది, నెట్టు లేదు.
నా సెల్లును కిటికీ ఊచకు సుతిలి తాడుతో కట్టి
పెన్న అవతలి టవరు వైపు తిప్పి పెట్టాం.
ఇరవై ముగ్గురు పిల్లలు,
ఉడికిన అలసందలు నములుతూ,
ఇంటికి ఆలస్యంగా వస్తామని చెప్పొచ్చినవాళ్లు.

తెర మీద ఒకామె.
తలకు తెల్లగుడ్డ టోపీ, మోచేతుల దాకా మడిచిన గౌను,
రెండున్నర వందల ఏళ్ల కిందటి ఇల్లాలి వేషం.
మా ఊళ్లో రాణి వేషం కట్టే మస్తానయ్య గుర్తొచ్చాడు,
వేషం మీదున్నంతసేపూ బీడీ ముట్టడు.
ఈమె కూడా అంతే,
నెత్తిన వెలిగే కరెంటు దీపాన్ని చూడనట్టే ఉంది.

ఈకతో రాసి చూపింది. తుపాకీలో మందు కూరి చూపింది.
రేవులో ఓడ, మూడువందల నలభై రెండు పెట్టెల టీ,
పన్ను కట్టమంటే సముద్రంలో కలిపేసిన రాత్రి.
నేను మాట వెంట మాట తెలుగు చేసి అందిస్తున్నా.
"అంత టీనా!" అన్నాడు ఓబులేసు.
వాళ్లమ్మకు రోడ్డు మీద టీ బంకు.
వేళ్లు మడిచి చూసి, ఎన్ని గ్లాసులో తేలక,
"ఎవురివి సార్ ఆ పెట్టెలు?"
కంపెనీవి రా.
"ఏ కంపెనీ?"
మనల్ని ఏలిన కంపెనీనే.
నిజాం ఈ జిల్లాలన్నీ రాసిచ్చింది దానికే.
దత్తమండలం పాఠం, నువ్వు నిద్రపోయినావే, అది.
అందరూ నవ్వారు. వాడు నవ్వలేదు.
"వాళ్లు పారబోసినారు సరే. మనం?"
నా దగ్గరున్నది పరీక్షలో రాసే జవాబు.
చెప్పలేదు.

ఆమె నీలంగుడ్డ ఒకటి విప్పింది.
దక్షిణాది తోటల్లో
ఆకు నానబెట్టి చిలికితే దిగే రంగు, అంది.
దస్తగిరమ్మ లేచి నిలబడింది,
ఏడాదిలో ఒక్క ప్రశ్న అడగని పిల్ల.
"ఎవురు చిలికినారు?
తొట్లో దిగి తొక్కింది ఎవురు?
మా జేజి వాళ్ల జేజికి
గోరీలో పెట్టేటప్పుడు కూడా గోళ్లు నీలమే అంట."
నాకు చేతనైన ఇంగ్లీషులో చెప్పాను.
గోళ్ల దగ్గర తడబడ్డాను.

ఆమె టోపీ తీసి బల్ల మీద పెట్టింది.
కెమెరా చేత పట్టుకుని నడిచింది.
వంటిల్లు దాటి, నిచ్చెనలాంటి మెట్లెక్కి,
వంగితే గానీ పట్టని అటకలోకి.
అద్దాల బీరువా లేదు, పేరు రాసిన అట్ట లేదు.
దూలానికి ఒక మేకు.
ఇక్కడ ముగ్గురు పడుకునేవాళ్లు, అంది.
ఆమె వాడిన మాటకు బానిసలని చెప్పబోయి
నోరు రాక, కొన్న మనుషులు అన్నాను.
ఆస్తుల పట్టీలో
ఆవుల తర్వాత, రాగి బిందెలకు ముందు రాశారట.
ఒకామె పేరే దొరికిందట.
ఈ మెట్లు మామూలుగా ఎవరికీ చూపించరట.

దస్తగిరమ్మ అప్పటికే తాడు విప్పుతోంది.
"మన గుంతలు చూపిద్దాం సార్."

బడి వెనక కంపచెట్లు, వాటి వెనక
పైనొకటి కిందొకటి, రెండు నీలితొట్లు.
సున్నం రాలిన రాయి, మేకల వాసన.
ఊరంతా వెతికినా దొరకని సిగ్నలు
అక్కడ నాలుగు గీతలు.
పిల్ల తొట్లోకి దూకింది.
"ఆకు ఈడ నానేది. నీళ్లు ఈ బొక్కలో నుంచి కిందికి దిగేవి.
ఆడ నడుముల్లోతున నిలబడేవాళ్లు."
తెలుగులోనే చెబుతోంది.
నేను అడ్డం పోలేదు.
ఒక మేక వచ్చి అమెరికాను వాసన చూసి పోయింది.

ఆమె ఒకటే అడిగింది. జేజి పేరేమిటని.
దస్తగిరమ్మ నా వైపు చూసింది.
ఓబులేసు వైపు చూసింది.
"జేజి అనే అంటారు సార్, ఇంట్లో."
సెల్లు నా చేతిలో పెట్టి
కంపలో పడి ఇంటివైపు పరుగెత్తింది.

ఛార్జింగు పదకొండు శాతం.
అటకలో ఆమె, తొట్టి గట్టు మీద మేం,
ఎవరం కట్ చేయలేదు.