అమావాస్య పద్దు

పోర్తోసిన్ రేవులో పడవలకి
చేపల్ని చూపించే పెట్టెలు బిగించడం నా పని.
ఇప్పటికి నూట పన్నెండు బిగించాను.
చేపని మటుకు పళ్లెంలోనే చూశాను.

ఎలాదియో కబురు పెడితే నమ్మలేదు.
ఆ పెట్టెని పిరికివాడి కన్ను అన్నవాడు,
నేనెదురైతే రేవంతా వినేలా ఉమ్మేవాడు,
యాభై ఏళ్లు చీకటి రాత్రుల్లో
పడవ ముక్కు మీద బోర్లా పడుకుని
నీళ్లలో వెలుగు చూసి వల వేయించినవాడు.
ఆర్దోరా అంటారిక్కడ దాన్ని.
కవళ్ల గుంపు కదిలితే
కంటికానని పురుగులు ఉలిక్కిపడి వెలుగుతాయి.
అంతే. చదివాను, పరీక్షలో రాశాను,
పది మార్కులు.

"ఉన్నవాటిలో పెద్ద తెర పెట్టు" అన్నాడు.
"వెలుతురు పెంచు."
పెంచాను.
"ఇంకా."
"ఇదే ఆఖరు" అన్నాను.
మారు మాట్లాడలేదు. మర అందివ్వమంటే
నా చేతికి జానెడు ఇవతల
గాలికి అందించాడు.

అడగలేదు నేను.

తెర పనిచేస్తోందో లేదో చూడ్డానికి
ఆ రాత్రి ఇద్దరమే వెళ్లాం. వల లేదు, మనుషులు లేరు.
పద్దెనిమిది బారల లోతున ఎర్రటి ముద్ద.
"ఏ చేప?"
"చేప అని చెబుతుంది. ఏ చేపో చెప్పదు.
రెండు టన్నులుండొచ్చు."
"పేరు తెలీనిదాన్ని తూచడమెందుకు?"
నవ్వాడు. "ఆర్పెయ్, సబేలా. అన్నీ ఆర్పెయ్.
ముక్కు మీదికెళ్లి పడుకో. ఏం కనిపిస్తే అది చెప్పు."

"ఏం లేదు."
"నీ కళ్లలో ఇంకా తెర ఉంది. ఆగు."

ఆగాను. ముందు తిన్నదంతా కక్కాను.
తర్వాత
నీళ్ల అడుగున ఎవరో అగ్గిపుల్ల గీసినట్టయింది.

"రవ్వలా, పొగా?"
"రవ్వలు."
"చచ్చిపోతున్నాయా, తోక వదుల్తున్నాయా?"
"తోకలు. పొడుగ్గా."
"కానాగంతలు. ఈ నెల వాటికి ధర లేదు, పోనీ."
తెడ్డుతో పడవ చెక్క మీద ఒక్క దెబ్బ కొట్టాడు.
పడవ కింద పగలైంది. మళ్లీ రాత్రైంది.
నా నోట్లోంచి వచ్చింది మాట కాదు.
"ఊఁ" అన్నాడాయన, అది విని.

ఇంకాసేపటికి, కుడివైపు,
మంచు పట్టిన అద్దం వెనక దీపంలాంటిది.
ఆకుపచ్చ కాదు. తెలుపూ కాదు.
"ఎంత మేర?"
"మీ పెరడంత."
"నా పెరడు నువ్వెప్పుడు చూశావ్?"
"చూళ్లేదు... చర్చి ముందు రాళ్ల వాకిలంత. ఇంకా ఎక్కువే."
"అంచులు?"
"అంచుల్లేవు. ఊపిరి తీస్తున్నట్టు
ఉబ్బుతోంది, తగ్గుతోంది."
టోపీ తీశాడు.
"కవళ్లు" అన్నాడు,
ఇంట్లోవాళ్ల పేరు చెప్పినట్టు.

ఆ వెలుగు మా కిందుగా వచ్చి, దాటి, పోయింది.
పోతున్నదాన్ని చూడ్డానికి తల తిప్పాడు,
తప్పు వైపుకి.

తెర మళ్లీ వెలిగించాను. అవునంది అదీ,
పన్నెండు బారలు, ఎరుపు.
నా సరుకు పరువు కోసం అన్నాను:
"మరి అరవై బారల కింద ఉన్నవో?
వాటి వెలుగు పైకి రాదుగా."
"రాదు" ఒప్పుకున్నాడు. "అందుకేగా నిన్ను పిలిచింది."
అబద్ధం. ఇద్దరికీ తెలుసు.
దాన్ని మధ్యలో కూర్చోబెట్టుకుని
రేవుదాకా తెచ్చాం.

తెల్లారి పద్దు రాశాను:
తెర ఒకటి. తీగ పద్నాలుగు మీటర్లు.
మేకులు ఎనిమిది. కూలీ మూడు గంటలు.
రాత్రి పరీక్ష అన్నచోట కలం ఆగింది,
ఎవరు ఎవరికి బాకీయో తేలక.
సున్నా వేశాను.

"సంతకం ఎక్కడ?"
వేలు పట్టుకుని చూపించాను.
గీత దాటిపోయాడు.
నా పేరు మీదుగా, పెద్ద పెద్ద అక్షరాలతో,
తన పేరు రాశాడు.